తమ్ముడికి మెదడులో కొల్లాయిడ్ సిస్ట్, శ్రావణంలో పెళ్ళి. ఆపరేషన్ ముందా, తర్వాతా?

చిన్నక్క_గోదావరిఖని:

అందరికీ నమస్తే. మా తమ్ముడి విషయం అడుగుదామని రాస్తున్నా. 28 ఏళ్ళు, పుణెలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. ఏడాది నుంచి తలనొప్పి. పొద్దున లేవగానే ఎక్కువ, ఒక వాంతి అయితే తగ్గుతుంది. అక్కడ మైగ్రేన్ అన్నారు, మాత్రలు మింగుతూ వచ్చాడు. పోయిన నెల నిశ్చితార్థానికి ఇంటికొచ్చాడు. వాకిట్లో బూట్ల లేసు కట్టుకుందామని వంగినవాడు వంగినట్టే ముందుకు పడిపోయాడు. కొట్టుకోలేదు, నోట్లో నురగ రాలేదు. నిమిషంలోపే లేచి కూర్చుని "ఏమైందక్కా?" అన్నాడు. ఫిట్స్ అనుకుని కరీంనగర్ తీసుకెళ్ళాం. సీటీ తీస్తే మెదడు మధ్యలో తెల్లగా, గుండ్రంగా శనగగింజంత చుక్క కనిపించింది. తర్వాత ఎమ్మారైలో మూడో వెంట్రికల్‌లో 12 మిల్లీమీటర్ల కొల్లాయిడ్ సిస్ట్ అని, రెండు పక్కలా వెంట్రికల్స్ కొంచెం ఉబ్బాయని రాశారు.

హైదరాబాద్‌లో ఇద్దరు సర్జన్లకి చూపించాం. ఒకాయన ఎముక తెరిచి మైక్రోస్కోప్‌తో తీస్తా, మొత్తం వచ్చేస్తుంది అన్నారు. ఇంకొకాయన చిన్న రంధ్రం చాలు, ఎండోస్కోప్‌తో అయిపోతుంది అన్నారు. క్యాన్సర్ కాదని ఇద్దరూ గట్టిగా చెప్పారు. ఆలస్యం చెయ్యొద్దని కూడా ఇద్దరూ చెప్పారు.

ఇబ్బంది ఏంటంటే శ్రావణంలో ముహూర్తం పెట్టేశారు. ఇంకా పది వారాలుంది. క్యాన్సర్ కానప్పుడు పెళ్ళయ్యాక చేయిద్దాం, పెళ్ళికొడుకు తల మీద కుట్లతో పీటల మీద కూర్చుంటాడా అని అమ్మ ఒకటే ఏడుపు. అమ్మాయి వాళ్ళకి ఇంకా చెప్పలేదు. నాన్న సింగరేణిలో రిటైరయ్యాడు, ఏం మాట్లాడడు, రిపోర్టు కవరు చేతిలో పట్టుకుని కూర్చుంటాడు.

చిన్న రంధ్రం అంటే నిజంగా చిన్న ఆపరేషనేనా? పది వారాలు ఆగొచ్చా? ఎవరికైనా జరిగి ఉంటే దయచేసి రాయండి.

థియేటర్_సిస్టర్:

నేను హైదరాబాద్‌లో న్యూరో థియేటర్‌లో స్టాఫ్ నర్సుని, పదకొండేళ్ళుగా ఇదే పని. సర్జన్‌ని కాదు కాబట్టి మీ తమ్ముడికి ఏది చేయాలో చెప్పను. లోపల జరిగేదేంటో చెప్తాను.

మెదడులో నీళ్ళుండే గదులు నాలుగు, రిపోర్టులో వెంట్రికల్స్ అని రాసేది వీటినే. రోజుకి దాదాపు అర లీటరు నీరు ఊరుతుంది. కానీ ఏ క్షణంలో చూసినా తలలో, వెన్నులో కలిపి ఉండేది 150 మిల్లీలీటర్లే. అంటే ఊరినది ఊరినట్టు కిందికి దిగిపోతూ ఉండాలి. పక్క గదుల్లోంచి మూడో గదిలోకి దిగడానికి రెండు సన్నని దారులున్నాయి, మన్రో రంధ్రాలు అంటారు. కొల్లాయిడ్ సిస్ట్ అంటే జిగురులాంటిది నిండిన చిన్న సంచి, సరిగ్గా ఆ దారుల దగ్గరే, మూడో గది పైకప్పుకి అంటుకుని పెరుగుతుంది. క్యాన్సర్ కాదు, ఎక్కడికీ పాకదు. కూర్చున్న చోటుతోనే గొడవ. సింకు తూము మీద మూత పడితే ఎలా ఉంటుందో అలా. మీ తమ్ముడు వంగినప్పుడు పడిపోయిన సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పండి, రిపోర్టులో అది రాదు.

ఎండోస్కోప్ పద్ధతిలో సాధారణంగా కుడివైపు, నుదుటి జుట్టు మొదలయ్యే చోటికి కాస్త వెనక మూడు నాలుగు సెంటీమీటర్ల కోత పెడతారు. కుడివైపే ఎందుకంటే ఎక్కువమందికి మాట ఎడమవైపు మెదడులో ఉంటుంది. ఎముకలో రూపాయి బిళ్ళ కన్నా చిన్న రంధ్రం. అందులోంచి పెన్సిల్ కన్నా సన్నని గొట్టం మెదడు గుండా నీటి గదిలోకి వెళ్తుంది. శరీరం వేడికి వెచ్చబెట్టిన రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం పారుతూనే ఉంటుంది, అది చూసుకునేది నేనే. తెరమీద ముందు గులాబీ రంగులో కుచ్చులా రక్తనాళాల ముద్ద కనిపిస్తుంది, దాని వెంబడే వెళ్తే మన్రో రంధ్రం దొరుకుతుంది. సిస్ట్ పైపొరని కాల్చి, చిన్న గాటు పెట్టి లోపలిది పీలుస్తారు. ఒక్కొక్కరిది పల్చగా గంజిలా వస్తుంది. ఒక్కొక్కరిది చలికాలం గిన్నెలో పేరుకున్న నెయ్యి, గొట్టంలోకి రాదు, ముక్కలు ముక్కలుగా తీయాలి. ఎమ్మారైలో టీ2 బొమ్మల్లో నల్లగా కనిపిస్తే గట్టిగా ఉంటుందని సర్జన్లు ముందే అంచనా వేస్తారు. తర్వాత పైపొర. అది పక్కనున్న సిరకి అతుక్కుని ఉంటే లాగరు, కాల్చి వదిలేస్తారు.

అందుకే ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెప్పారు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. మైక్రోస్కోప్ పద్ధతిలో పొరతో సహా మొత్తం వచ్చే అవకాశం ఎక్కువ. ఎండోస్కోప్‌లో టైము తక్కువ, ఆస్పత్రిలో ఉండే రోజులు తక్కువ, కానీ పొర మిగిలితే మళ్ళీ పెరిగే అవకాశం కొంచెం ఎక్కువ. ఏ సర్జన్ చెయ్యి ఏ పనిలో తిరిగిందో అది కూడా చూడాలి. "ఎండోస్కోప్‌తో కొల్లాయిడ్ సిస్టులు ఎన్ని చేశారు?" అని మొహమాటపడకుండా అడగండి.

ఇంకోటి. మేం ఎండోస్కోప్ కేసు పెట్టిన ప్రతిసారీ పక్క టేబుల్ మీద ఓపెన్ సర్జరీ సెట్టు కూడా విప్పడానికి సిద్ధంగా ఉంచుకుంటాం. రక్తం కారి నీళ్ళు ఎర్రబడితే ముందు ఓపిగ్గా కడుగుతాం, చాలాసార్లు అదే ఆగుతుంది. ఆగకపోతే తెరుస్తారు. కన్సెంట్ ఫారంలో ఆ లైను ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. రంధ్రం చిన్నదే. ఆపరేషన్ చిన్నది కాదు.

వనమూలిక_వైద్యం:

ఆపరేషన్ జోలికి వెళ్ళకండి. మా దగ్గర గడ్డలు కరిగించే చూర్ణం ఉంది. 41 రోజులు పరగడుపున తేనెతో తీసుకుంటే తలలోవి, కడుపులోవి ఏ గడ్డయినా కరిగిపోతుంది. మెసేజ్ చేయండి.

థియేటర్_సిస్టర్:

మందుతో కరిగే గడ్డ కాదండీ ఇది. 12 మిల్లీమీటర్లు, వెంట్రికల్స్ ఉబ్బి, ఒకసారి పడిపోయిన మనిషికి 41 రోజుల చూర్ణం రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది?

డల్లాస్_కుర్రోడు:

నాకూ ఇదే ఉంది, కానీ నాది వేరే కథ. రెండేళ్ళ క్రితం కారు ప్రమాదం తర్వాత స్కాన్ తీస్తే అనుకోకుండా బయటపడింది. 5 మిల్లీమీటర్లు, తలనొప్పి లేదు, వెంట్రికల్స్ మామూలుగా ఉన్నాయి. ఆపరేషన్ వద్దన్నారు, ఏడాదికోసారి ఎమ్మారై. ఇప్పటిదాకా కదల్లేదు, పెరగలేదు.

ఇక్కడ మా సర్జన్ ఒక లెక్క చూపించాడు. వయసు 65 లోపు ఉందా, తలనొప్పి ఉందా, సిస్ట్ 7 మిల్లీమీటర్లు దాటిందా, ఫ్లెయిర్ అనే ఎమ్మారై బొమ్మలో తెల్లగా ఉందా, మూడో గదిలో ప్రమాదమైన చోట కూర్చుందా. ఒక్కోదానికి ఒక మార్కు. నాకు వయసు తప్ప పెద్దగా ఏం రాలేదు. అక్కా, మీ తమ్ముడికి మీరు రాసినదాన్నిబట్టే మూడు వచ్చాయి. నాలా ఊరికే చూస్తూ కూర్చునే బాపతు కాదనిపిస్తోంది. ఎక్కువ వస్తే సంతోషపడే మార్కులు కావివి.

టైలర్_తెనాలి:

చెల్లెమ్మా, నేను తెనాలిలో లేడీస్ టైలర్ని. నాకు సరిగ్గా ఇదే గడ్డ, 13 మిల్లీమీటర్లు. ఎండోస్కోప్‌తోనే తీశారు. మూడేళ్ళు దాటింది. నాది రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

నాకు తలనొప్పి కటింగ్ బల్ల దగ్గర వచ్చేది. బట్ట పరిచి, సుద్దతో గీత గీయడానికి వంగితే చాలు, తల లోపలి నుంచి ఎవరో గాలి కొడుతున్నట్టుండేది. నిలబడితే పోయేది. ఒకరు సైనస్ అన్నారు. ఒకరు కళ్ళజోడు మార్చమన్నారు, మార్చాను, సూదిలో దారం బాగా ఎక్కింది కానీ నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. రెండుసార్లు నిలబడి ఉండగా కాళ్ళల్లోంచి కరెంటు తీసేసినట్టయింది. స్పృహ పోలేదు, అన్నీ వినపడుతున్నాయి, మోకాళ్ళు మాత్రం మడత పడిపోయాయి. షాపులో ఆడవాళ్ళున్నారు, పరువు పోయిందని కిందపడ్డ టేపు తీసుకుంటున్నట్టు నటించి లేచాను. డాక్టరుకి ఆ ముక్క చెప్పలేదు. చెప్పుంటే ముందే పట్టుకునేవారేమో.

చివరికి స్కాన్‌లో తేలింది. సర్జన్ వారంలో చేద్దామన్నాడు. అది మాఘమాసం ముందర. నా దగ్గర పద్దెనిమిది పెళ్ళి బ్లౌజులున్నాయి, మగ్గం వర్కు చేయించి తెచ్చినవి, ఒక్కోటి వేలు పోసినవి. మాఘం దాటాక వస్తానని చెప్పి వచ్చేశాను. మీ అమ్మగారు సొంత కొడుకు పెళ్ళి కోసం ఆగుదామంటున్నారు. నేను ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ కోసం ఆగాను.

పదమూడో రోజు పొద్దున తలనొప్పి వచ్చింది, వాంతులయ్యాయి. పడుకుంటే తగ్గుతుందని పడుకున్నాను. మధ్యాహ్నం మా ఆవిడ అన్నానికి లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూశానట. నిద్రమత్తు అనుకుని ఒక అరగంట వదిలేసింది. ఆ అరగంట గురించి ఇప్పటికీ బాధపడుతుంది. మా బావమరిది వచ్చి చెంప మీద కొట్టినా పలకకపోతే కారులో వేసుకుని విజయవాడ పరిగెత్తారు. ఆ రాత్రి ముందు నీళ్ళు బయటికి తీయడానికి తలలో ట్యూబు వేశారు. రెండు రోజులకి మనిషినయ్యాక ఎండోస్కోప్ చేశారు. ఇదంతా వాళ్ళు చెప్తే తెలిసిందే, నాకు ఆ మూడు రోజులు లేవు. బట్టలోంచి ముక్క కత్తిరించి తీసేసినట్టు.

కాబట్టి పది వారాలు ఆగొచ్చా అన్నదానికి నా సమాధానం ఇదే. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి లేకుండా పోగలడు. నా అదృష్టం, ఇంటికి గంట దూరంలో న్యూరో సర్జన్ ఉన్న ఆస్పత్రి ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది. మీ తమ్ముడు పుణెలో గదిలో ఒక్కడే ఉంటే ఎవరు లేపుతారు? ముందు వాడిని ఇంట్లోనే ఉంచండి. బండి నడపనివ్వకండి. తలనొప్పి అంటే నిద్రమాత్ర ఇవ్వకండి.

ఇప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పని సంగతి చెప్తాను. జ్ఞాపకం. ఆపరేషన్‌కి ముందు సర్జన్ మా ఆవిడకి చెప్పాడట, కొన్నాళ్ళు మతిమరుపు ఉండొచ్చమ్మా అని. ఆవిడ ఆ హడావిడిలో సరే సరే అంది. తర్వాత నేను అడిగితే ఆయన బొమ్మ గీసి చూపించాడు. ఆ నీళ్ళు దిగే రంధ్రం ఉంది కదా, దాని అంచు వెంబడి ఫోర్నిక్స్ అని ఒక నరాల కట్ట వెళ్తుందట. కొత్త విషయాలు గుర్తు పెట్టుకునే పని దాని మీదుగానే జరుగుతుందట. నాకు వెంటనే తట్టింది, బ్లౌజు మెడకి పైపింగ్ వేసినట్టన్నమాట. ఆ మెడలోంచి చెయ్యి పెట్టి లోపలున్నది తీయాలి, పైపింగ్ నలగకూడదు. నాది అప్పటికే ఒత్తిడికి నలిగి ఉంది, ఇంకాస్త నలిగింది.

ఇంటికొచ్చాక పాతవన్నీ ఉన్నాయి. మా అత్తగారి బ్లౌజు కొలతలు పదేళ్ళ నాటివి చూడకుండా చెప్పాను, ఛాతీ 38, చెయ్యి పొడవు 9, చంక దగ్గర అర ఇంచి వదులు. కానీ పొద్దున టీ తాగానో లేదో గుర్తుండేది కాదు. మూడుసార్లు తాగేవాణ్ణి. మా ఆవిడ గ్లాసు కడక్కుండా నా ముందే పెట్టడం మొదలుపెట్టింది, చూసుకుని తెలుసుకుంటానని. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, పలక మీద రాసి గోడకి తగిలించింది. ఈ రోజు ఏ వారం, మాత్ర వేసుకున్నావు, అమ్మ బజారుకెళ్ళింది, వచ్చేస్తుంది. చివరి లైను కింద గీత గీసేది, ఎందుకంటే అది నేను పదిసార్లు అడిగేవాణ్ణి.

రెండో నెలలో బాగానే ఉన్నానని షాపు తీశాను. తీయకుండా ఉండాల్సింది. మా వీధిలో ఒక పెద్దమ్మ గద్వాల పట్టుచీరలో బ్లౌజు ముక్క ఇచ్చారు. కట్ చేశాను, కుట్టాను, హుక్కులు కుట్టించాను, ఇస్త్రీ చేసి ఇచ్చాను. మర్నాడు ఆవిడ తిరిగొచ్చి కవరులోంచి తీసి బల్ల మీద పరిచారు, ఏమీ అనలేదు. చూస్తే రెండూ కుడి చేతులే. కుట్టుపని తెలియనివాళ్ళకి చెప్పాలంటే, చేతికి ముందువైపు చంక లోతుగా తీస్తాం, వెనకవైపు తక్కువ. కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా రావాలి. నేను ఒకటి కట్ చేసి, రెండోది కట్ చేసేటప్పుడు మొదటిది ఏ పక్కదో మర్చిపోయి అదే మళ్ళీ కట్ చేశాను. ఇరవై రెండేళ్ళ నా చేతిపనిలో నేర్చుకునే కుర్రాడు కూడా చేయని తప్పది. మిగిలిన ముక్క లేదు. ఆ చీర మళ్ళీ దొరకదు. ఆవిడ కొంగు తీసి తల తుడుచుకుని "పొట్టి చేతులు చేసెయ్ నాయనా, ఎండాకాలం వస్తోంది" అన్నారు. ఆవిడ వెళ్ళాక షట్టరు సగం దించి కూర్చున్నాను చాలాసేపు.

తగ్గింది. నాలుగో నెల నుంచి టీ ఒకసారే తాగుతున్నాను. ఇప్పుడు నూటికి తొంభై పాళ్ళు వచ్చేసిందనుకుంటాను. కట్ చేసిన ప్రతి ముక్క మీదా సుద్దతో కు, ఎ అని రాస్తాను, అది మాత్రం మానలేదు. అందరికీ ఇలా అవ్వదట. నాకు ఆలస్యం కావడం వల్ల ఎక్కువైందని సర్జన్ అన్నాడు. మీ తమ్ముడు తన కాళ్ళ మీద నడిచి వెళ్ళి చేయించుకుంటే ఇంతవరకూ రాకపోవచ్చు. అయినా సర్జన్ని ఫోర్నిక్స్ గురించి పేరుపెట్టి అడుగు. వీలైతే ఆపరేషన్‌కి ముందే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించు, తర్వాత పోల్చి చూసుకోవచ్చు. పెళ్ళయ్యాక చేయిస్తే జరిగిన పెళ్ళి గుర్తుంటుందా అని మీ అమ్మగారిని నేను అడిగానని చెప్పు, కోపమొస్తే నన్ను తిట్టమను.

ఇంకొకటి, ఇది డాక్టర్ల విషయం కాదు. ఆ అమ్మాయికి చెప్పండి. నన్ను ఆ నాలుగు నెలలు భరించింది మా ఆవిడ. మా మధ్య పద్దెనిమిదేళ్ళ సంసారం ఉంది కాబట్టి భరించింది. కొత్తగా వచ్చే పిల్లని ఏమీ చెప్పకుండా ఆ గ్లాసుల ముందు కూర్చోబెట్టడం అన్యాయం.

బుజ్జిగాడి_అమ్మ:

టైలర్ గారిది చదివి కళ్ళు చెమర్చాయి. చిన్న మాట. మా బాబుకి ఆరేళ్ళు, వాడికీ మెదడులో సిస్ట్ అనేసరికి ఇలాంటివన్నీ చదివి నిద్ర లేకుండా పోయింది. వాడిది అరాక్నాయిడ్ సిస్ట్, మెదడు పైపొరల మధ్య నీళ్ళ సంచి. అది వేరే జాతి. చాలామంది పిల్లల్లో దాని జోలికే వెళ్ళరు. వాడికి పెద్దదై ఒత్తిడి తెస్తోందని బెంగళూరులో ఎండోస్కోప్‌తో దాని గోడకి కిటికీ తెరిచారు, తీసెయ్యలేదు. నీళ్ళు మామూలు దారిలో కలిసిపోయాయి. మొదట షంట్ అన్నారు, అంటే తలలోంచి పొట్టలోకి జీవితాంతం గొట్టం. అది తప్పింది. సిస్ట్ అనే మాట ఒక్కటే గానీ ఒకరి కథ ఇంకొకరికి పనికిరాదు, చదివేవాళ్ళు రిపోర్టులో పూర్తి పేరు చూసుకోండి.

చిన్నక్క_గోదావరిఖని:

అన్నా, మీరు రాసింది మొత్తం ఇంట్లో గట్టిగా చదివాను. రెండు కుడి చేతుల దగ్గర అమ్మ నవ్వింది, తర్వాత కొంగు నోట్లో పెట్టుకుంది. నాన్న మొదటిసారి మాట్లాడాడు, "రేపే ఫోన్ చెయ్" అన్నాడు.

అమ్మాయి వాళ్ళింటికి నేను, నాన్న వెళ్ళి చెప్పాం. వాళ్ళ నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. అమ్మాయి మాత్రం లోపల్నుంచి వచ్చి ఏ పక్క అని అడిగింది. కుడి అన్నాను. సరే అని లోపలికెళ్ళి మా తమ్ముడికే ఫోన్ చేసుకుంది. ఇంతవరకూ వద్దని కబురు రాలేదు.

ఎండోస్కోప్ చేసే ఆయనకే ఒప్పుకున్నాం. ఎన్ని చేశారని సిస్టర్ గారు చెప్పినట్టే అడిగాను, ఆయనేం కోప్పడలేదు, లెక్క చెప్పారు. ఫోర్నిక్స్ అని పేరు పెట్టి అడిగితే మాత్రం మీరు నర్సా అన్నారు. డేటు మంగళవారం వచ్చింది. మంగళవారం తల మీద కత్తి పెట్టిస్తారా అని అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన థియేటర్ రోజు అదేనట.

థియేటర్_సిస్టర్:

మా థియేటర్ కూడా మంగళవారమే రద్దీ. అమ్మకి చెప్పండి.

ఒక జాగ్రత్త. ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు తలలోంచి సన్నని ట్యూబు బయటికి వేలాడుతూ ఉండొచ్చు, చివర సంచి ఉంటుంది. ఆ సంచి ఎత్తుని చెవి లెవెల్‌కి చూసి కడతారు. మంచం తలవైపు ఎత్తినా, దించినా లెక్క మారిపోతుంది, నీళ్ళు ఎక్కువ కారిపోతాయి లేదా ఆగిపోతాయి. రోగి కూర్చుంటానన్నా, మంచినీళ్ళు అడిగినా ముందు సిస్టర్‌ని పిలవండి, మీరు మంచం తిప్పకండి. అటెండర్లతో మేం పడే గొడవల్లో సగం దీని మీదే. ఇంటికెళ్ళాక జ్వరం, మెడ పట్టేయడం, కుట్టులోంచి నీరు కారడం, ఎక్కువ మగత, వీటిలో ఏదొచ్చినా ఫోన్‌లో అడగడం కాదు, నేరుగా వచ్చేయండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే చేరేముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలవండి, తర్వాత కలిస్తే కాగితాల తిప్పలు ఎక్కువ. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు.

చిన్నక్క_గోదావరిఖని:

అయిపోయింది. రెండున్నర గంటలు పట్టింది. తెరవాల్సిన అవసరం రాలేదు. లోపలిది గట్టిగానే ఉందట, సిస్టర్ గారు చెప్పిన నెయ్యి బాపతు, ముక్కలుగా తీశారు. పొర దాదాపు మొత్తం వచ్చింది, సిర దగ్గర ఆవగింజంత వదిలి కాల్చామన్నారు. మూడు నెలలకి ఎమ్మారై తీసి చూస్తారు. ట్యూబు రెండో రోజు తీసేశారు. ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటమ్ మాత్ర కొన్నాళ్ళు వాడమన్నారు.

మొదటి రెండు రోజులు నన్ను "ఎప్పుడొచ్చావక్కా" అని ఆరేడుసార్లు అడిగాడు. నేను అక్కడే ఉన్నాను మొత్తం. నాలుగో రోజు నుంచి అడగడం లేదు. నిన్న పప్పుచారు అడిగి తిన్నాడు, తిన్నట్టు సాయంత్రం కూడా గుర్తుంది, ఉప్పు తక్కువైందని వంక పెట్టాడు. అన్నా, ఆ మాట మీకు చెప్పాలనిపించింది.

ముహూర్తం మార్చలేదు. వాళ్ళే వద్దన్నారు. సర్జన్ కూడా అప్పటికి అభ్యంతరం ఉండదన్నారు, రాత్రంతా మేలుకోబెట్టకండి అని మాత్రం చెప్పారు. గుండు మొత్తం చేయలేదు, ముందువైపు ఒక పట్టీలా గీశారు. అమ్మకి ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది, జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టొచ్చా అని. కుంకుడుకాయతో తలంటు ఎప్పుడు పోయొచ్చు?

టైలర్_తెనాలి:

ఉప్పు తక్కువైందన్నాడా! చాలు తల్లీ. పెళ్ళి బ్లౌజులు ఎవరికైనా ఇవ్వాల్సి ఉంటే పార్సిల్ చెయ్యి, కు, ఎ రాసి మరీ కుడతాను.

థియేటర్_సిస్టర్:

కుట్లు తీశాక, సర్జన్ గాయం చూసి సరే అన్నాక తలస్నానం. మొదటి నెల కుంకుడుకాయ వద్దు, మాడు మీద మంట పుడుతుంది, పల్చగా కలిపిన షాంపూ చాలు. జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తిన, కుట్టు దానికి ముందు కుడిపక్కన ఉంటుంది, అప్పటికి మానిపోయి ఉంటుంది. గట్టిగా అదమొద్దని అమ్మాయికి చెప్పండి. ఏ పక్కో తనకి ఎలాగూ తెలుసు.